వెబ్ డెవలపర్‌గా కెరీర్ మొదలుపెట్టడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

## వెబ్ డెవలపర్ రోజంతా చేసే పని ఏమిటి?

కొత్త కోడ్ రాయడం అందులో ఒక భాగం మాత్రమే. ఎవరో ఎప్పుడో రాసిన కోడ్ చదివి అర్థం చేసుకోవాలి. బగ్ (కోడ్‌లోని తప్పు) ఎక్కడుందో వెతకాలి. చిన్న మార్పు చేసినా దానివల్ల ఇంకో పేజీ పాడవలేదని చూసుకోవాలి. డిజైనర్‌తోనూ టెస్టర్‌తోనూ మాట్లాడి అసలు ఏం కావాలో తేల్చుకోవాలి. చాలా రోజులు వీటితోనే గడిచిపోతాయి. అందుకే ఇక్కడ ఏ భాష నేర్చుకోవాలన్న దానికన్నా తప్పులు ఎలా పట్టుకోవాలన్న దానికి ఎక్కువ చోటిచ్చాం.

## ఫ్రంట్‌ఎండ్, బ్యాక్‌ఎండ్, ఫుల్‌స్టాక్... దేనితో మొదలుపెట్టాలి?

ఒక లాగిన్ పేజీ తీసుకోండి. ఈమెయిల్, పాస్‌వర్డ్ పెట్టెలు, బటన్, తప్పు కొడితే ఎర్రగా వచ్చే సందేశం, ఫోన్‌లో చూసినా చెదరని అమరిక ఇవన్నీ ఫ్రంట్‌ఎండ్. ఆ పాస్‌వర్డ్ సరైనదో కాదో చూడటం, వరుసగా తప్పు కొడుతుంటే కాసేపు ఆపేయడం, వివరాలు డేటాబేస్‌లో భద్రంగా దాచడం బ్యాక్‌ఎండ్. రెండూ చేసేవారిని ఫుల్‌స్టాక్ డెవలపర్ అంటారు.

మొదలుపెట్టడం మటుకు ఫ్రంట్‌ఎండ్‌తోనే మేలు. రాసింది వెంటనే కంటికి కనిపిస్తుంది. బ్రౌజరూ ఎడిటరూ (కోడ్ రాసే సాఫ్ట్‌వేర్) ఉంటే చాలు. రంగులు, అమరికలు అంటే విసుగు పుట్టేవాళ్లు జావాస్క్రిప్ట్ (పేజీని పనిచేయించే ప్రోగ్రామింగ్ భాష) వచ్చాక బ్యాక్‌ఎండ్ వైపు జరగవచ్చు. మొదటి రోజే ఫుల్‌స్టాక్ అని కూర్చుంటే రెండూ అరకొరగానే మిగులుతాయి.

## డిగ్రీ లేకపోతే కుదురుతుందా? లెక్కలు బాగా రావాలా?

కొన్ని కంపెనీలు దరఖాస్తు దశలోనే డిగ్రీ అడుగుతాయి. అక్కడ చేయగలిగింది తక్కువే. చిన్న కంపెనీలు, ఏజెన్సీలు, ఫ్రీలాన్స్ పనుల్లో మాత్రం మీరు చేసి చూపించిన పనికే విలువ ఎక్కువ. మామూలు వెబ్‌సైట్లకు శాతాలు, నిష్పత్తులు తెలిస్తే సరిపోతుంది. గేమ్స్, గ్రాఫిక్స్ వైపు వెళ్తేనే అంతకుమించి కావాలి.

ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోవడం మాత్రం తప్పదు. ఎర్రర్ మెసేజ్‌లు, డాక్యుమెంటేషన్ దాదాపు అంతా అందులోనే ఉంటాయి. ధారాళంగా మాట్లాడటం తర్వాతైనా వస్తుంది.

## ఎలాంటి కంప్యూటర్ కావాలి? ఫోన్‌తో నేర్చుకోవచ్చా?

8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. పాతదైనా ఫర్వాలేదు. 16 జీబీ ఉంటే ఎడిటర్, సర్వర్, డేటాబేస్, ఇరవై బ్రౌజర్ ట్యాబులు ఒకేసారి తెరిచినా మొరాయించదు. విండోస్, మాక్, లినక్స్ ఏదైనా ఒకటే. ఎడిటర్‌గా వీఎస్ కోడ్ ఉచితంగా దొరుకుతుంది. ఫోన్‌లో పాఠాలు వినొచ్చు, చదవొచ్చు. పని నేర్చుకోవడం మాత్రం కీబోర్డ్ మీదే.

## ఏది ముందు, ఏది తర్వాత?

హెచ్‌టీఎంఎల్ (పేజీలో ఏమేం ఉన్నాయో ట్యాగులతో చెప్పేది), సీఎస్‌ఎస్ (రంగులు, అమరిక చూసేది), జావాస్క్రిప్ట్, మధ్యలో గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచేది), ఆ తర్వాత ఒక ఫ్రేమ్‌వర్క్ (ముందే కట్టి ఉంచిన కోడ్ చట్రం), చివర్న సర్వర్, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష). ఈ వరుస తలకిందులు చేసి రియాక్ట్ లాంటి ఫ్రేమ్‌వర్క్‌తో మొదలుపెట్టినవాళ్లు ఏదో ఒకరోజు మళ్లీ వెనక్కి వచ్చి జావాస్క్రిప్ట్ చదువుకోవాల్సిందే.

హెచ్‌టీఎంఎల్‌ను చాలామంది రెండు రోజుల్లో చుట్టేస్తారు. దానివల్ల వచ్చే చిక్కు తర్వాత తెలుస్తుంది. ఉదాహరణకు బటన్ ట్యాగ్ వాడాల్సిన చోట డివ్ (ప్రత్యేక అర్థం లేని ఉత్త పెట్టె) పెట్టి, దానికి బటన్‌లా రంగు వేస్తారు. మౌస్‌తో నొక్కితే పనిచేస్తుంది. కీబోర్డ్ మీద ట్యాబ్ కొట్టుకుంటూ వస్తే దాని దగ్గర ఆగదు, ఎంటర్ కొట్టినా ఉలకదు, చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని చెప్పదు. సరైన ట్యాగ్ వాడితే ఇవన్నీ ఉచితంగా వస్తాయి. ఫారంలో ప్రతి పెట్టెకూ లేబుల్ కట్టడం కూడా అలాంటిదే.

ప్రతి పేజీ హెడ్ భాగంలో రెండు మెటా ట్యాగులు ఉండాలి. క్యారక్టర్ సెట్‌ను యూటీఎఫ్-8 అని చెప్పేది ఒకటి. తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు తీసుకుంటుంది. బ్రౌజర్ దాన్ని వేరే ఎన్‌కోడింగ్ అనుకుంటే ఆ మూడు బైట్లూ మూడు పిచ్చి గుర్తులై కనిపిస్తాయి. రెండోది వ్యూపోర్ట్ ట్యాగ్. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్లు పేజీని సాధారణంగా 980 పిక్సెళ్ల వెడల్పున గీసి, తెరకు సరిపడేలా కుదించేస్తాయి. మీడియా క్వెరీలు (తెర వెడల్పును బట్టి మారే సీఎస్‌ఎస్ నియమాలు) ఎంత బాగా రాసినా ఫోన్‌లో పనిచేయడం లేదంటే ముందు చూడాల్సింది ఈ ట్యాగ్‌నే.

సీఎస్‌ఎస్‌లో బాక్స్ మోడల్ (పెట్టె కొలతలు లెక్కపెట్టే పద్ధతి) దగ్గరే సగం తలనొప్పులు పుడతాయి. వెడల్పు 300 పిక్సెళ్లు, రెండు పక్కలా 20 చొప్పున ప్యాడింగ్ (లోపలి ఖాళీ), 1 చొప్పున బోర్డర్ ఇచ్చారనుకోండి. తెర మీద ఆ పెట్టె ఆక్రమించేది 342 పిక్సెళ్లు. బాక్స్ సైజింగ్‌ను బోర్డర్ బాక్స్ అని మారిస్తే అన్నీ కలిపి 300లోనే సర్దుకుంటుంది. అందుకే చాలా ప్రాజెక్టుల్లో స్టైల్‌షీట్ మొదటి వరుసల్లోనే ఆ నియమం కనిపిస్తుంది. తర్వాత ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్. ఒకే వరుసలో అమర్చేవాటికి మొదటిది, అడ్డంగానూ నిలువుగానూ కలిపి అమర్చేవాటికి రెండోది. గ్రిడ్ 2017లోనే ప్రధాన బ్రౌజర్లలోకి వచ్చేసింది. కాబట్టి పేజీ మొత్తాన్ని ఫ్లోట్‌లతో కట్టడం నేర్పే పాఠం కనిపిస్తే అది పాతదని వదిలేయండి.

జావాస్క్రిప్ట్‌కు ఎక్కువ సమయం కేటాయించండి. 1995లో పుట్టిన ఈ భాషకు 2015లో పెద్ద మార్పు జరిగింది. లెట్, కాన్స్ట్, యారో ఫంక్షన్లు, ప్రామిస్‌లు అప్పుడే ప్రమాణంలో చేరాయి. అన్నిచోట్లా వార్ మాత్రమే వాడే పాఠాలు అంతకుముందువి. అర్రేలు, ఆబ్జెక్టులు, ఫంక్షన్లు, మ్యాప్, ఫిల్టర్, డామ్ ఈవెంట్లు (పేజీలో నొక్కడం, టైప్ చేయడం లాంటివి), ఫెచ్ (సర్వర్ నుంచి డేటా తెచ్చేది), అసింక్ అవెయిట్ (జవాబు వచ్చేదాకా ఆగే పద్ధతి) ఇవి చేతికి అలవాటయ్యేదాకా ముందుకు వెళ్లకండి.

ఒక సంగతి మొదట్లోనే తెలుసుకుంటే బోలెడు గంటలు మిగులుతాయి. ఇన్‌పుట్ పెట్టెలోని విలువను వాల్యూ ద్వారా తీసుకుంటే, టైప్ చేసింది అంకె అయినా వచ్చేది స్ట్రింగే (అక్షరాల వరుస). కొన్నవాడు 5 కొట్టాడు, మీరు 1 కలిపారు. వచ్చేది 6 కాదు, 51. అదే స్ట్రింగ్ నుంచి 1 తీసేస్తే మాత్రం 4 వస్తుంది. ప్లస్ గుర్తు స్ట్రింగులను అతికిస్తుంది, మైనస్‌కు ఆ పని రాదు కాబట్టి అంకెగా మార్చుకుంటుంది. కార్ట్‌లో మొత్తం వింతగా వస్తుంటే ముందు నంబర్ ఫంక్షన్‌తో మార్చారో లేదో చూడండి.

## ఎన్నాళ్లు పడుతుంది? డబ్బు కట్టి కోర్సు చేరాలా?

వారానికి 10 నుంచి 15 గంటలు క్రమం తప్పకుండా కూర్చోగలిగితే, దరఖాస్తు పెట్టే స్థాయికి రావడానికి 9 నెలల నుంచి ఏడాదిన్నర వరకు అనుకోండి. మూడు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ అన్న ప్రకటన చూస్తే, ఆ గ్యారంటీ షరతులు చివరి అక్షరం వరకు చదవండి.

నేర్చుకునే సామగ్రికి డబ్బు పెట్టనక్కర్లేదు. ఎండీఎన్ డాక్యుమెంటేషన్, ఫ్రీకోడ్‌క్యాంప్, ది ఆడిన్ ప్రాజెక్ట్ మూడూ ఉచితమే. కోర్సుకు డబ్బు కట్టడంలో అర్థం ఉండేది ఎప్పుడంటే, మీ కోడ్‌ను ఒక అనుభవజ్ఞుడు వరుస వరుసా చదివి తప్పులు చెప్పే ఏర్పాటు ఉన్నప్పుడు. వీడియోలు మాత్రమే ఇచ్చే కోర్సులో అది ఉండదు.

## వీడియో చూస్తే అంతా అర్థమవుతోంది, సొంతంగా రాయబోతే చేయి ఆడటం లేదు. ఎందుకు?

వీడియోలో ఏం చేయాలన్న నిర్ణయాలన్నీ వాళ్లే తీసుకుంటారు. మీరు చేస్తున్నది టైపింగ్. అసలు కష్టం ఆ నిర్ణయాల్లోనే ఉంది.

ఇలా చేయండి. ఒక పాఠం పూర్తిచేశాక మూసేసి, అదే వస్తువును ఖాళీ ఫైల్‌లో మళ్లీ కట్టండి. ఇరుక్కున్న చోట మాత్రమే తెరిచి చూడండి. తర్వాత పాఠంలో లేని ఒక మార్పు పెట్టుకోండి. చేయాల్సిన పనుల జాబితా కట్టారనుకోండి. దానికి గడువు తేదీ చేర్చండి, గడువు దాటినవాటిని పైకి తెప్పించండి, పేజీ మూసి తెరిచినా జాబితా పోకుండా లోకల్ స్టోరేజ్‌లో (బ్రౌజర్‌లో ఉండే నిల్వ) దాచండి. అందులో స్ట్రింగులు తప్ప ఇంకేమీ నిలవ ఉండవని, జేసన్‌గా (డేటాను అక్షరాల్లో రాసే పద్ధతి) మార్చి పెట్టి తిరిగి విడదీసుకోవాలని అప్పుడే తెలుస్తుంది. ఇలాంటి చిన్న గోడలకు తల కొట్టుకోవడమే నేర్చుకోవడం.

## కోడ్ పనిచేయడం లేదు. ఎక్కడ నుంచి వెతకాలి?

బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి కన్సోల్ (ఎర్రర్లు చూపించే చోటు) తెరవండి. ఎర్ర వరుసలు పది ఉంటే మొట్టమొదటిదాన్నే చదవండి. మిగతావి చాలాసార్లు దాని పర్యవసానాలు. కుడివైపు ఫైల్ పేరు, లైన్ నంబరు ఉంటాయి. దాన్ని నొక్కితే సరిగ్గా ఆ చోటికే తీసుకెళ్తుంది.

కొత్తవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది నల్ (ఏమీ లేదన్న విలువ) నుంచి ప్రాపర్టీ చదవలేకపోతున్నానన్న ఎర్రర్. పేజీలో మీరు వెతికిన ఎలిమెంట్ దొరకలేదని దాని భావం. కారణాలు సాధారణంగా రెండు. ఐడీ స్పెల్లింగ్ తేడా ఉండటం ఒకటి. స్క్రిప్ట్ హెడ్‌లో ఉండి, ఆ ఎలిమెంట్ ఇంకా పుట్టకముందే నడిచిపోవడం రెండోది. రెండోదానికి, స్క్రిప్ట్ విడి ఫైల్‌లో ఉంటే దాని ట్యాగ్‌లో డిఫర్ అని చేరిస్తే పని అయిపోతుంది.

కన్సోల్ శుభ్రంగా ఉన్నా డేటా రావడం లేదంటే నెట్‌వర్క్ ట్యాబ్‌కు వెళ్లండి. 404 అయితే చిరునామా తప్పు. 401 అంటే మీరెవరో సర్వర్‌కు తెలియలేదు. 403 అంటే తెలిసినా అనుమతి లేదు. 500 అయితే తప్పు సర్వర్ కోడ్‌లో, దాని లాగ్ చూడాలి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. సర్వర్ 404 పంపినా, 500 పంపినా ఫెచ్ దాన్ని వైఫల్యంగా లెక్కపెట్టదు, క్యాచ్‌లోకి (ఎర్రర్లను పట్టుకునే భాగం) వెళ్లదు. రెస్పాన్స్‌లోని ఓకే విలువను మీరే చూసుకోవాలి.

కార్స్ ఎర్రర్ వస్తే ఫ్రంట్‌ఎండ్ కోడ్‌ను ఎంత పిసికినా లాభం లేదు. వేరే చిరునామా నుంచి వచ్చిన పేజీకి జవాబు చూపించవచ్చని సర్వర్ తన హెడర్లలో చెప్పాలి. అది చెప్పలేదు కాబట్టి బ్రౌజర్ అడ్డుపడింది. పోస్ట్‌మ్యాన్‌లో (సర్వర్‌ను నేరుగా పరీక్షించే సాఫ్ట్‌వేర్) పనిచేసి పేజీలో పనిచేయకపోవడానికి కారణం ఇదే, ఈ నియమం బ్రౌజర్లది.

కోడ్ మార్చినా పేజీ మారడం లేదా? పాత ఫైల్ క్యాష్‌లో (బ్రౌజర్ దాచుకున్న కాపీల్లో) ఉండి ఉంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కండి. అయినా మారకపోతే మీరు సేవ్ చేస్తున్న ఫైలూ బ్రౌజర్ తెరిచిన ఫైలూ ఒకటేనా అని చూడండి. నవ్వొచ్చే సలహాలా ఉంటుంది, కానీ రెండు ఫోల్డర్ల మధ్య తికమక పడి పూట గడిపేసేవాళ్లు తక్కువేం కాదు.

## నా కంప్యూటర్‌లో బాగానే ఉంది, ఆన్‌లైన్‌లో పెడితే బొమ్మలు రావడం లేదు!

కోడ్‌లో చిన్న అక్షరాలతో లోగో.పీఎన్‌జీ అని రాశారు, ఫోల్డర్‌లో ఫైల్ పేరు పెద్ద అక్షరంతో మొదలవుతుంది. విండోస్‌కు, మామూలు అమరికలో మాక్‌కు ఈ తేడా పట్టదు. ఎక్కువ సర్వర్లు నడిచే లినక్స్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. ఫైళ్లన్నిటికీ చిన్న అక్షరాలు, ఖాళీలకు బదులు హైఫన్ అని నియమం పెట్టుకోండి. ఇప్పటికే ఉన్న ఫైల్ పేరులో పెద్దక్షరాన్ని చిన్నది చేస్తే విండోస్‌లో గిట్ ఆ మార్పును గమనించకపోవచ్చు. గిట్ మూవ్ కమాండ్‌తో మార్చండి.

ఇంకో కారణం చిరునామా మొదట్లోని స్లాష్. గిట్‌హబ్ పేజెస్‌లో (గిట్ కోడ్ నుంచే సైట్ నడిపే సేవ) ప్రాజెక్ట్ సైట్ చిరునామా చివర రెపోజిటరీ (ప్రాజెక్ట్ కోడ్ దాచే చోటు) పేరు వస్తుంది. స్లాష్‌తో మొదలైన దారి డొమైన్ మూలం నుంచి వెతుకుతుంది కాబట్టి ఆ పేరు తప్పిపోతుంది.

బొమ్మలు వచ్చినా ఆలస్యంగా వస్తుంటే సైజు చూడండి. 400 పిక్సెళ్ల పెట్టెలో 4000 పిక్సెళ్ల ఫోటో పెట్టడం చాలా పోర్ట్‌ఫోలియోల్లో కనిపించే పొరపాటు. కుదించి వెబ్‌పీగా (తక్కువ సైజు బొమ్మల ఫార్మాట్) మార్చండి. పేజీలో అతి పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలత.

## గిట్ ఎంతవరకు రావాలి?

స్టేటస్, యాడ్, కమిట్, పుష్, పుల్, బ్రాంచ్, మెర్జ్. రోజూ పనికి ఇవి చాలు. మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట చేసిన రెండు మార్పులు ఢీకొనడం) వచ్చినప్పుడు బెదరకుండా, రెండు వైపుల కోడ్ చదివి, ఉంచాల్సింది ఉంచి, గుర్తులు తీసేసి కమిట్ చేయగలగాలి. కావాలనే ఒకే వరుసను రెండు బ్రాంచీల్లో వేర్వేరుగా మార్చి ఒకసారి సాధన చేయండి.

డౌన్‌లోడ్ చేసిన లైబ్రరీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ను, రహస్య కీలు ఉండే ఎన్వ్ ఫైల్‌ను మొదటి కమిట్‌కు ముందే గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) పెట్టండి. ఏపీఐ (ఇంకో ప్రోగ్రామ్‌తో డేటా ఇచ్చిపుచ్చుకునే మార్గం) కీ పొరపాటున పబ్లిక్ రెపోజిటరీకి వెళ్లిపోతే, తర్వాతి కమిట్‌లో తీసేసినా లాభం లేదు, చరిత్రలో ఉండిపోతుంది. వెంటనే ఆ కీని రద్దుచేసి కొత్తది తీసుకోవాలి.

## రియాక్ట్, యాంగ్యులర్, వ్యూ... ఏది?

మీరు పనిచేయాలనుకునే చోట ఉద్యోగ ప్రకటనలు ఒక ముప్పై తెరిచి లెక్కపెట్టండి. ఏది ఎక్కువ కనిపిస్తే అది. తేడా లేకపోతే రియాక్ట్. 2013 నుంచి ఉంది, సందేహాలకు జవాబులు తేలిగ్గా దొరుకుతాయి. ఒకటి బాగా వస్తే రెండోది నేర్చుకోవడం కొన్ని వారాల పని. దాంతోపాటు టైప్‌స్క్రిప్ట్ (టైపులు చేర్చిన జావాస్క్రిప్ట్) మొదలుపెట్టండి.

## బ్యాక్‌ఎండ్‌కు ఏ భాష?

జావాస్క్రిప్ట్ వచ్చు కాబట్టి నోడ్‌తో (జావాస్క్రిప్ట్‌ను సర్వర్‌లో నడిపేది) వెళ్లడం దగ్గరి దారి. పైథాన్‌లో జాంగో, పీహెచ్‌పీలో లారావెల్, జావాలో స్ప్రింగ్ కూడా మంచివే. భాష ఏదైనా ఎస్‌క్యూఎల్ తప్పదు. సెలెక్ట్, జాయిన్, గ్రూప్ బై, ఇండెక్స్ దాకా రావాలి. మైఎస్‌క్యూఎల్ వాడితే క్యారక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని పెట్టండి. అందులో యూటీఎఫ్8 అని పిలిచే పాత సెట్ అక్షరానికి 3 బైట్లే ఇస్తుంది, 4 బైట్ల ఎమోజీ వస్తే చేతులెత్తేస్తుంది.

పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచొద్దు, బీక్రిప్ట్ లేదా ఆర్గాన్2తో హ్యాష్ (వెనక్కి మార్చలేని రూపం) చేయండి. యూజర్ టైప్ చేసినదాన్ని ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించొద్దు, పారామీటర్‌గా పంపండి. అదే మాటను ఇన్నర్ హెచ్‌టీఎంఎల్ ద్వారా పేజీలో పెట్టొద్దు, టెక్స్ట్ కంటెంట్ వాడండి. ఈ మూడూ ఇంటర్వ్యూల్లోనూ అడుగుతారు.

## పోర్ట్‌ఫోలియోలో ఎన్ని ప్రాజెక్టులుండాలి?

మూడు చాలు, పూర్తయినవై ఉండాలి. బయటి ఏపీఐ నుంచి డేటా తెచ్చి చూపించేది ఒకటి. లాగిన్, డేటాబేస్ ఉన్నది ఒకటి. మూడోది నిజంగా ఎవరో ఒకరు వాడేది: తెలిసినవారి దుకాణం, సంఘం, లైబ్రరీ, ఏదైనా. అందరూ కట్టే ప్రసిద్ధ సైట్ల నకళ్లు చూసేవారికి మొహం మొత్తి ఉంటాయి.

పని తెలిసినవాళ్లు ప్రాజెక్ట్ తెరిచి ఏం చేస్తారో ఊహించుకోండి. ఫోన్‌లో తెరుస్తారు. ఫారం ఖాళీగా పంపుతారు. పేరు పెట్టెలో మూడొందల అక్షరాలు అతికిస్తారు. నెట్‌వర్క్‌ను నెమ్మది చేసి బటన్ రెండుసార్లు నొక్కుతారు, ఆర్డర్ రెండుసార్లు పడిందేమో చూస్తారు. డేటా వచ్చేలోపు ఏం కనిపిస్తోంది, అసలు డేటాయే లేకపోతే ఏం కనిపిస్తోంది, రావడంలో విఫలమైతే ఏం చెబుతోంది అన్న మూడు స్థితులూ చూస్తారు. వీటిని పట్టించుకున్న చిన్న ప్రాజెక్ట్, పట్టించుకోని పెద్దదానికన్నా నయం.

రీడ్‌మీలో (ప్రాజెక్ట్‌ను వివరించే ఫైల్) అది ఏం చేస్తుందో, ఎలా నడపాలో, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో ఒక పేజీలోపు రాయండి. లైవ్ లింకులను దరఖాస్తు పెట్టేముందు మళ్లీ నొక్కి చూడండి. కొన్ని ఉచిత సర్వర్లు కాసేపు ఎవరూ రాకపోతే నిద్రలోకి జారుకుంటాయి, మొదటి జవాబు రావడానికి చాలా సెకన్లు పడుతుంది. ఆ సంగతి పేజీలోనే రాసి పెట్టకపోతే చూసేవారు పాడైందనుకుని మూసేస్తారు.

## ఏఐ కోడ్ రాసేస్తుంటే ఇదంతా నేర్చుకోవడం దేనికి?

అది రాసిన కోడ్ తప్పో ఒప్పో చెప్పగలిగేవాళ్లు కావాలి కాబట్టి. లేని ఫంక్షన్‌ను ఉన్నట్టు వాడుతుంది, పాత వెర్షన్ పద్ధతి రాస్తుంది, అనుమతులు చూసే కోడ్ వదిలేస్తుంది, అన్నీ ఒకే ధీమాతో. నేర్చుకునే దశలో దాన్ని జవాబు అడగకండి. మీరు రాసింది చూపించి ఎక్కడ విరుగుతుందో అడగండి, అర్థంకాని ఎర్రర్‌ను విడమర్చమనండి. ఒక్కో వరుస ఎందుకుందో మీరు చెప్పలేని కోడ్‌ను పోర్ట్‌ఫోలియోలో పెట్టొద్దు. ఇంటర్వ్యూలో మొదట అడిగేది దాని గురించే.

## ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

జూనియర్ స్థాయిలో మూలాలే. క్లోజర్ అంటే ఏమిటి, ఈవెంట్ లూప్ ఎలా పనిచేస్తుంది, రెండు సమానాల గుర్తులకూ మూడింటికీ తేడా, చిరునామా కొట్టి ఎంటర్ నొక్కితే పేజీ వచ్చేలోపు ఏమేం జరుగుతాయి. ఎదురుగా కూర్చోబెట్టి వెతుకుడు పెట్టె, ట్యాబులు, కార్డుల వరుస లాంటివి కట్టమంటారు. పెద్ద కంపెనీలైతే అల్గారిథమ్ ప్రశ్నలు వేరే దశగా పెడతాయి. వాటికి విడిగా సాధన చేయాలి.

కోడ్ రాస్తూ నోరు మూసుకుని కూర్చోకండి. ఏం ఆలోచిస్తున్నారో పైకి చెప్పండి. తప్పుదారి పట్టినా చాలామంది దారి చూపిస్తారు, మౌనంగా ఉంటే వాళ్లకూ ఏం తోచదు. తెలియనిది తెలియదని చెప్పి, ఎలా తెలుసుకుంటారో చెప్పడం అబద్ధమాడటం కన్నా మంచిది.

## ఉద్యోగం కాకుండా ఫ్రీలాన్స్‌తో మొదలుపెట్టవచ్చా?

పెట్టవచ్చు. కోడ్ కన్నా ఒప్పందం దగ్గరే దెబ్బతింటారు. ఎన్ని పేజీలు, ఎన్నిసార్లు మార్పులు ఉచితం, రాతలూ ఫోటోలూ ఎవరు ఎప్పటికిస్తారు అన్నవి పని మొదలుపెట్టకముందే రాతలో ఉండాలి. మూడో వంతు నుంచి సగం దాకా అడ్వాన్స్ తీసుకోండి. డొమైన్, హోస్టింగ్ ఖాతాలు క్లయింట్ పేరు మీదే తెరిపించండి. లేకపోతే రెన్యువల్ మరిచిపోయి సైట్ ఆగిన రోజు నింద మీ మీద పడుతుంది.

## ఉద్యోగం వచ్చింది. మొదటి నెలల్లో ఏం చూసుకోవాలి?

ప్రాజెక్ట్‌ను మీ మెషీన్‌లో నడిపించడానికే ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. అది మీ తప్పు కాదు. సూచనల్లో ఎక్కడ లోపముందో రాసుకుని సరిచేసి పంపితే అదే మీ మొదటి పనికొచ్చే కమిట్ అవుతుంది. మార్పులు చిన్నవిగా పంపండి. రెండొందల వరుసల పుల్ రిక్వెస్ట్‌ను (మార్పులు చేర్చమని పంపే అభ్యర్థన) జాగ్రత్తగా చదువుతారు, రెండు వేల వరుసలదాన్ని పైపైన చూసి ఓకే చేస్తారు. రివ్యూలో వచ్చిన వ్యాఖ్యలు కోడ్ గురించినవి.

ఇరుక్కుంటే అరగంట, మహా అయితే గంట సొంతంగా చూడండి. ఆ తర్వాత అడగండి. అడిగేటప్పుడు ఏం చేయబోయారు, ఏం జరిగింది, పూర్తి ఎర్రర్, ఇప్పటిదాకా ఏమేం ప్రయత్నించారు అన్న నాలుగూ ఒకే మెసేజ్‌లో పెట్టండి. ఎర్రర్‌ను స్క్రీన్‌షాట్‌గా కాకుండా టెక్స్ట్‌గా అతికించండి, అవతలివారు దాన్ని కాపీ చేసుకుని వెతకగలుగుతారు.